‘లెక్కల మాత్ర’ డాక్టర్ చూపిన దారి

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లాడికి ఆందోళన కూడా తోడైతే ఆ ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకుండదు. డాక్టర్ మందు రాసిచ్చాక అసలు తర్జనభర్జన మొదలవుతుంది. విజయవాడ వన్ టౌన్‌లో అమ్మమ్మ, తాతయ్య, బాబాయి, మేనత్త ఒకే ఇంట్లోనో పక్క వీధిలోనో ఉంటారు కాబట్టి తలా ఒక మాట పడుతుంది. ఇంత చిన్న వయసులో మెదడు మందులేమిటని ఒకరు, పరీక్షలు దగ్గర పడుతున్నాయి వెంటనే మొదలుపెట్టమని ఇంకొకరు. మధ్యలో నలిగిపోయేది తల్లీతండ్రీ. ఈ సందిగ్ధానికి దాదాపు తొంభై ఏళ్ల చరిత్ర ఉంది. దాని మొదట్లో ఉన్న మనిషి అమెరికా పిల్లల డాక్టర్ చార్లెస్ బ్రాడ్లీ (1902-1979). పిల్లల మానసిక వైద్యం చదివిన వారందరికీ తెలిసిన పేరు. మందు కనుక్కోవడం కంటే, దాని ఫలితాన్ని చూసిన తీరులో ఆయన గొప్పతనం ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక తండ్రి బాధలోంచి పుట్టిన ఆసుపత్రి

కథ బ్రాడ్లీ పుట్టకముందే మొదలైంది. ఆయన తాతల తరం బంధువు జార్జ్ బ్రాడ్లీ టెలిఫోన్ వ్యాపారం తొలి రోజుల్లో పెట్టుబడి పెట్టి బాగా సంపాదించాడు. ఆయనకు ఒక్కతే కూతురు, ఎమ్మా. ఏడేళ్ల వయసులో ఆ పాపకు మెదడువాపు వచ్చింది. ప్రాణం దక్కింది కానీ పాప మునుపటిలా లేదు. ఎంత డబ్బున్నా అలాంటి పిల్లలను చూసే ఆసుపత్రి ఎక్కడా దొరకలేదు. తమకు పట్టిన గతి ఇంకొకరికి పట్టకూడదని ఆ దంపతులు ఆస్తిని పిల్లల ఆసుపత్రికి రాసేశారు. జార్జ్ 1906లో, ఎమ్మా 1907లో చనిపోయారు. రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ఈస్ట్ ప్రావిడెన్స్‌లో ఎమ్మా పేరుతో ఆ ఆసుపత్రి 1931లో తలుపులు తెరిచింది. అమెరికాలో కేవలం పిల్లల మానసిక సమస్యల కోసం వెలసిన మొదటి ఆసుపత్రి అదే.

హార్వర్డ్‌లో వైద్యం చదివి, పిల్లల డాక్టర్‌గా శిక్షణ పొందిన చార్లెస్ కొన్నాళ్లకే దానికి వైద్యాధికారి అయ్యాడు. అది ఆసుపత్రి అన్నమాటే కానీ సగం ఇల్లు, సగం బడి. పిల్లలు నెలల తరబడి అక్కడే ఉండేవాళ్లు. ఆటస్థలం ఉండేది, తరగతి గది ఉండేది. నర్సులు, టీచర్లు ప్రతి పిల్లాడినీ రోజంతా గమనించి రాసిపెట్టేవాళ్లు. మందు అన్న మాట వచ్చేలోపే పిల్లాడి తీరు వాళ్లకు కంఠతా వచ్చేది.

తలనొప్పికి ఇస్తే లెక్కలు వచ్చాయి

అప్పట్లో స్కానింగులు లేవు. మెదడును ఎక్స్‌రేలో చూడాలంటే వెన్నులోంచి నీరు తీసి, ఆ చోటుకు గాలి ఎక్కించేవారు. పరీక్ష అయ్యాక పిల్లలు భరించలేని తలనొప్పితో అల్లాడేవాళ్లు. వెన్నునీరు త్వరగా ఊరితే నొప్పి తగ్గుతుందేమోనని బ్రాడ్లీ బెంజిడ్రిన్ అనే ఉత్తేజక మందు ఇచ్చి చూశాడు. తలనొప్పి పెద్దగా తగ్గలేదు. కానీ టీచర్లు వేరే వార్త మోసుకొచ్చారు. కుదురుగా కూర్చోలేని పిల్లలు కొందరు కూర్చుని లెక్కలు చేస్తున్నారు! పిల్లలకు కూడా తేడా తెలిసింది. దానికి లెక్కల మాత్ర అని వాళ్లే పేరు పెట్టుకున్నారు.

ఇంకొకరైతే అక్కడే చంకలు గుద్దుకునేవారు. బ్రాడ్లీ ఆగాడు. 5 నుంచి 14 ఏళ్ల మధ్య ఉన్న 30 మంది పిల్లలను ఎంచుకున్నాడు. ఒక వారం మందు లేకుండా గమనించాడు. తర్వాతి వారం రోజూ ఉదయం మందు ఇచ్చాడు. మూడో వారం మందు ఆపేసి మళ్లీ గమనించాడు. ఫలితాలను 1937లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ప్రచురించాడు. 30 మందిలో 14 మంది చదువులో కళ్లకు కట్టినట్టు మారారు. మందు ఆపగానే ఆ మార్పూ పోయింది.

అంటే సగానికి పైగా పిల్లల్లో ఆ స్థాయి మార్పు రాలేదు. దాన్ని ఆయన దాచలేదు. కొద్దిమందిలో కనిపించిన అవాంఛిత మార్పులనూ రాశాడు. సగం మంది పిల్లలు భావోద్వేగాల్లో బాగా నెమ్మదించారని కూడా నమోదు చేశాడు. ఇంట్లో ఈ ఒక్క విషయం మీదే పొరపడే వీలుంది. పిల్లాడు నిశ్శబ్దంగా ఉంటే పెద్దవాళ్లకు హాయి. కానీ ఆ నిశ్శబ్దం కుదురువల్ల వచ్చిందా, మందు ముసుగువల్ల వచ్చిందా, లోపల భయంవల్ల వచ్చిందా అన్నది దగ్గరుండి చూసేవాళ్లకే తెలుస్తుంది.

పట్టించుకోని లోకం

ఇంత చేసినా ఆ పరిశోధన చాలా ఏళ్లు మూలన పడింది. పిల్లల సమస్యలన్నిటికీ పెంపకంలోనే కారణం వెతికే రోజులవి. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ రసాయన శాస్త్రవేత్త లియాండ్రో పానిజోన్ మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. తన భార్య మార్గరీటా ముద్దుపేరు రీటా మీదుగా దానికి రిటాలిన్ అన్న పేరొచ్చింది. ఇలాంటి మందుల మీద పిల్లల్లో పద్ధతి ప్రకారం పరీక్షలు ఊపందుకున్నది 1960ల్లోనే. బ్రాడ్లీ 1948లో ఓరెగన్ రాష్ట్రానికి వెళ్లిపోయి అక్కడి వైద్య కళాశాలలో చేరాడు. 1950లో తన పన్నెండేళ్ల అనుభవాన్ని పీడియాట్రిక్స్ పత్రికలో రాశాడు. 1979లో కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడాది ఈ సమస్యకు ఏడీడీ అని, 1987లో ఏడీహెచ్‌డీ అని పేరు స్థిరపడింది. జీవితమంతా ఎవరికి వైద్యం చేశాడో, ఆ జబ్బు ఇప్పటి పేరు ఆయన వినలేదు.

మన ఇంటికి పనికొచ్చేది

ఆందోళనకు ఇప్పుడు వాడే మందులు బ్రాడ్లీ మందు కాదు. కానీ ఆయన పద్ధతి ఈ నిర్ణయానికీ పనికొస్తుంది. మొదటి మెట్టు, మందుకు ముందు గమనించడం. పిల్లాడి భయం ఎక్కణ్నుంచి వస్తోంది? రోజూ బడిలో తిట్లు, ఇంట్లో పోలికలు, ట్యూషన్‌లో వెనకబడటం వల్ల వచ్చే దిగులు ఒకటి. ఏడీహెచ్‌డీతో సంబంధం లేకుండా విడిగా ఉండే ఆందోళన వ్యాధి ఇంకొకటి. కొందరిలో ఏడీహెచ్‌డీ మందే కంగారును, నిద్రలేమిని పెంచుతుంది. మొదటిదానికి బడి మారాలి, ఇల్లు మారాలి. మూడోదానికి డోసు తగ్గించడమో మందు మార్చడమో సరిపోవచ్చు. అప్పుడు రెండో మందు అవసరమే రాకపోవచ్చు. అందుకే రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో రాయండి: నిద్ర, తిండి, కడుపునొప్పి సాకులు, భయపడ్డ సందర్భం, మాత్ర వేసిన వేళ. క్లాస్ టీచర్‌నూ అడగండి. డాక్టర్‌కు ఆ పుస్తకం వంద మాటలతో సమానం.

రెండో మెట్టు, మాత్ర ఒక్కదాని మీదే భారం వేయకపోవడం. 1999లో వెలువడిన అమెరికా ఎంటీఏ అధ్యయనంలో 579 మంది ఏడీహెచ్‌డీ పిల్లలున్నారు. వారిలో ఆందోళన కూడా ఉన్నవారికి ప్రవర్తన శిక్షణ మిగతావారికంటే బాగా పనిచేసింది. ఆందోళన వ్యాధి ఉన్న 488 మంది పిల్లలపై 2008లో వచ్చిన మరో అధ్యయనంలో ఆలోచనా తీరు మార్చే కౌన్సెలింగ్ (సీబీటీ) ఒక్కదానితో 60 శాతం, సెర్ట్రలిన్ మందు ఒక్కదానితో 55 శాతం, రెండూ కలిపితే 81 శాతం మంది మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్రతో మెరుగైనవారు 24 శాతం. మందుకు భయపడి దూరం పెట్టాల్సిన పనిలేదు, మందే సర్వస్వమూ కాదు.

మూడో మెట్టు, మొదలుపెట్టాక కళ్లు తెరుచుకుని ఉండటం. సెర్ట్రలిన్, ఫ్లూయాక్సెటిన్ తరహా మందుల ప్రభావం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. బ్రాడ్లీ మందులా ఒక్క రోజులో తెలియదు. వారం వేసి, వారం ఆపే పద్ధతి వీటికి అస్సలు పనికిరాదు. మానాలన్నా డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. చిన్నవయసు వారిలో ఇవి ఆత్మహత్య ఆలోచనలను పెంచవచ్చని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక ముద్రించమంది. తొలి వారాల్లో, డోసు మార్చినప్పుడు పిల్లాడు విపరీతంగా చిరాకుపడినా, నిలకడ లేకుండా తిరిగినా, చావు మాటలు మాట్లాడినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. ఆ రోజే డాక్టర్‌తో మాట్లాడండి.

ఒక జాగ్రత్త మాత్రం మన ఇళ్లకు ప్రత్యేకం. తాతయ్యకు నిద్ర కోసం రాసిన మాత్రలో సగం ముక్క పిల్లాడికి వేయడం, చుట్టాల పిల్లాడి చీటీ పట్టుకుని మందుల షాపుకు వెళ్లడం వద్దు. పిల్లాడి బరువు, గుండె చరిత్ర, ఇప్పటికే వాడుతున్న మందు చూడకుండా ఏ మాత్రా చేర్చకూడదు. మీరు వాడే ఆయుర్వేద, హోమియో మందుల సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి. విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

డాక్టర్ గదిలో మూడు ప్రశ్నలు అడగండి. ఈ మందు దేనికి? పనిచేస్తోందని ఏ గుర్తుతో, ఎన్నాళ్లకు తెలుస్తుంది? ఎప్పుడు తగ్గిస్తాం? ఈ మూడింటికీ జవాబు దొరికితే వేయాలన్నా, కొంతకాలం ఆగాలన్నా నిర్ణయం తేలికవుతుంది. పిల్లాడినీ పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. మందు తనలో ఏం మార్చిందో ఈస్ట్ ప్రావిడెన్స్ పిల్లలు తామే గుర్తుపట్టి దానికి పేరు కూడా పెట్టారు. మీ పిల్లాడూ చెప్పగలడు, వినేవాళ్లుంటే.