పట్టు మారింది.. ఆట తిరిగింది

17 ఏళ్లకే ప్రొఫెషనల్ అయ్యాడు. తొలి వ్యక్తిగత టైటిల్ చేతికొచ్చేసరికి వయసు 27. ఈ మధ్యలో జేబు ఖాళీ అయి ఇంటిదారి పట్టింది ఒకసారి కాదు. పోనీ కష్టపడనివాడా? అప్పటి గోల్ఫర్లలో ప్రాక్టీస్ అంటే ముందు చెప్పుకొనే పేరే అతనిది. మరి పదేళ్లూ ఎక్కడ ఆగిపోయినట్టు? బెన్ హోగన్ కథలో అసలు విషయం ఇదే. గోల్ఫ్ ఆడనివాళ్లు కూడా తెలుసుకోవాల్సినంత ఉంది ఇందులో.

హోగన్ 1912 ఆగస్టు 13న అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి కమ్మరి. హోగన్‌కి తొమ్మిదేళ్లప్పుడు ఆయన తుపాకీతో కాల్చుకుని చనిపోయాడు. అప్పటికే కుటుంబం ఫోర్ట్‌వర్త్ చేరింది. పిల్లాడు రైల్వేస్టేషన్‌లో పేపర్లు అమ్మాడు. గ్లెన్ గార్డెన్ అనే గోల్ఫ్ క్లబ్‌లో ఆటగాళ్ల బ్యాగు మోస్తే 65 సెంట్లు ఇస్తారని తెలిసి, 11 ఏళ్లప్పుడు మైళ్లు నడిచి అక్కడికి వెళ్లాడు. ఇలా బ్యాగులు మోసేవాళ్లను క్యాడీలంటారు. డబ్బున్నవాళ్ల ఆటను దగ్గర్నుంచి చూడటమే అతనికి కోచింగ్. అదే క్లబ్‌లో అదే ఏడాది పుట్టిన మరో క్యాడీ ఉండేవాడు, బైరన్ నెల్సన్. 1927 క్రిస్మస్‌కి క్యాడీలకు పెట్టిన పోటీలో నెల్సన్ ఒక్క స్ట్రోక్ తేడాతో హోగన్‌ని ఓడించాడు. తర్వాత చాలాకాలం పెద్ద పోటీల్లోనూ ఇదే వరస. తోటివాడు మాస్టర్స్, యూఎస్ ఓపెన్ గెలిచేస్తుంటే మనవాడు టూర్ ఖర్చులకే తడుముకుంటున్నాడు. ఒకే బ్యాచ్‌లో ఫ్రెండ్‌కి ఆఫర్ లెటర్ వచ్చి మనకు రాకపోతే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు కదా!

చదువు మధ్యలో ఆపేసి 1930లో ప్రొఫెషనల్ అయ్యాడు హోగన్. అది ఆర్థికమాంద్యం నాటి అమెరికా. టోర్నమెంట్‌లో పైన నిలిచిన కొద్దిమందికే ప్రైజ్‌మనీ, మిగతావాళ్లు సొంత ఖర్చుతో తిరగాల్సిందే. డబ్బులైపోతే ఇంటికి రావడం, చిన్నాచితకా పనులు చేసుకుని నాలుగు డాలర్లు కూడబెట్టి మళ్లీ బయల్దేరడం.. ఇలా నడిచింది. 1935లో వాలరీని పెళ్లి చేసుకున్నాడు. 1938లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో టోర్నమెంట్ మధ్యలో ఓ ఉదయం లేచి చూస్తే కారు రాళ్లమీద నిలబడి ఉంది, టైర్లు లేవు! రాత్రి ఎవరో ఎత్తుకెళ్లారు. అక్కడ గెలుచుకున్న కాస్త ప్రైజ్‌మనీయే వాళ్లను టూర్‌లో నిలబెట్టింది.

అతని జబ్బు పేరు హుక్. కుడిచేతివాటం ఆటగాడు కొట్టిన బంతి ఎడమకు బలంగా వంగిపోవడాన్ని అలా అంటారు. అలాంటి బంతి నేలమీద పడ్డాక కూడా ఆగదు, చెట్లలోకో గుంటలోకో దొర్లుకుంటూ పోతుంది. పది మంచి షాట్లు కొట్టినా ఒక్క హుక్‌తో రౌండ్ అంతా పోతుంది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. బంతిని తాకే క్షణంలో క్లబ్ ముఖం ఎడమకు మూసుకుపోతోంది. క్లబ్ కర్ర మీద ఎడమచెయ్యి మరీ కుడివైపుకి తిరిగి ఉంటే, వేగంగా ఊపినప్పుడు ఆ ముఖం మూసుకునే అవకాశం పెరుగుతుంది. హోగన్ చిన్నగా ఉండేవాడు. దూరం కొట్టాలన్న తపనతో బలమంతా పెట్టి ఊపేవాడు. దాంతో ఇది ఇంకా ముదిరింది.

దీనికి అతను వెతుక్కున్న మందు ప్రాక్టీస్. అందరూ వెళ్లిపోయాక కూడా బంతులు కొట్టేవాడు. హోటల్ గదిలో కార్పెట్ మీద కూడా ఆడేవాడు. కానీ అదే పట్టుతో వెయ్యి బంతులు కొడితే ఏం జరుగుతుంది? తప్పే చేతికి అలవాటవుతుంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, లూప్ ఎన్నిసార్లు తిరిగినా లోపలి లైన్‌లో బగ్ అలాగే ఉంది. మాక్ టెస్టులు వరసగా రాసేస్తూ, తప్పులు ఎక్కడ పోతున్నాయో ఒక్కసారీ కూర్చుని చూడనివాళ్లు మన హాస్టళ్లలో ఎంతమంది లేరు!

ఇక్కడ హెన్రీ పికార్డ్ వస్తాడు. 1938 మాస్టర్స్, 1939 పీజీఏ ఛాంపియన్. హోగన్ ఆడే టోర్నీలే ఆడేవాడు, అదే ప్రైజ్‌మనీకి పోటీపడేవాడు. అయినా డబ్బులు అయిపోతే తన దగ్గరికి రమ్మని అంతకుముందే హోగన్ దంపతులకు మాటిచ్చి ఉన్నాడు. హోగన్‌కి ఆ అవసరం రాలేదు గానీ, వెనక ఒకరున్నారన్న ధైర్యం చిన్నదేం కాదు. డబ్బుకంటే పెద్ద సాయం మరొకటి చేశాడు. హోగన్ స్వింగ్‌ను పక్కనుంచి చూసి, సమస్య ఊపులో కాదు, పట్టులో ఉందని తేల్చాడు. ఎడమచేతిని కొంచెం ఎడమకు తిప్పించి, బొటనవేలు కర్రపైన సూటిగా ఉండేలా పెట్టించాడు. అంతే పాఠం.

వినడానికి చిన్నదే. కానీ పట్టు మార్చుకున్న గోల్ఫర్‌ని అడగండి, మొదట్లో చేతులు తనవి కానట్టే అనిపిస్తాయి. ఏళ్ల తరబడి అలవాటైనదాన్ని వదులుకోవాలి, అదీ అద్దె డబ్బులు ఆటలోంచే రావాల్సిన రోజుల్లో. హోగన్ వదులుకున్నాడు. మళ్లీ ప్రాక్టీస్ మొదలుపెట్టాడు, ఈసారి సరైన పట్టుతో.

1940 మార్చిలో పైన్‌హర్స్ట్‌లో జరిగిన నార్త్ అండ్ సౌత్ ఓపెన్ గెలిచాడు. అంతకుముందు 1938లో జోడీగా ఒక టైటిల్ ఉంది గానీ, ఒంటరిగా గెలవడం ఇదే మొదలు. వెంటనే గ్రీన్స్‌బరో, ఆ వెనకే ఆష్‌విల్. కొద్దిరోజుల తేడాలో మూడు! ఆ ఏడాది టూర్‌లో అందరికంటే ఎక్కువ సంపాదించింది అతనే. 1941, 1942ల్లోనూ అతనే.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే. 1949 ఫిబ్రవరి 2న పొగమంచులో ఎదురుగా వచ్చిన బస్సు అతని కారును ఢీకొట్టింది. భార్యను కాపాడాలని ఆమె మీదికి వాలడంతో ఇద్దరూ బతికారు. కటి ఎముక, మెడ దగ్గరి ఎముక, చీలమండ విరిగాయి. మళ్లీ నడుస్తాడా అనుకున్నారు. 16 నెలలకు కాళ్లకు కట్లు కట్టుకుని మెరియన్‌లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. 1953లో ఆరు టోర్నీలు ఆడి ఐదు నెగ్గాడు. వాటిలో మూడు మేజర్లు. మొత్తం 9 మేజర్లు, 64 టూర్ విజయాలు. 1997లో కన్నుమూశాడు.

1948లో వచ్చిన తన తొలి పుస్తకం ‘పవర్ గోల్ఫ్’ను హోగన్ పికార్డ్‌కే అంకితమిచ్చాడు. 1957లో హెర్బర్ట్ వారెన్ విండ్‌తో కలిసి ‘ఫైవ్ లెసన్స్’ రాశాడు. స్వింగ్ నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ కొని చదివే పుస్తకం అది. మొదటి పాఠం మొత్తం పట్టు గురించే. ఎడమచెయ్యి ఎక్కడుండాలి, ఏ వేలు ఎంత బిగించాలి అన్నది బొమ్మలతో సహా ఉంటుంది.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఆ పుస్తకం హుక్‌తో పోరాడినవాడు రాసింది. కొత్తగా ఆడేవాళ్లలో ఎక్కువమందికి ఉండే జబ్బు స్లైస్, అంటే బంతి కుడికి వంగిపోవడం. హోగన్‌ని నయం చేసిన పట్టును వీళ్లు యథాతథంగా కాపీ కొడితే బంతి ఇంకా కుడికి పోవచ్చు. అందుకే మంచి కోచ్‌లు ముందు పాఠం మొదలుపెట్టరు. పక్కన నిలబడి, పది బంతులు కొట్టమని చూస్తారు.