ఇద్దరు బిడ్డల తల్లి, నాలుగు బంగారు పతకాలు

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్.బి. నగర్ వైపు సాగే రహదారిలో, విక్టోరియా మెమోరియల్ పరిసరాలలో గాని, సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియం ముంగిట గాని సాయంవేళ కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక దృశ్యం కనబడకపోదు. బిడ్డలు లోపల ఆడుతూ ఉంటారు. తల్లులు మంచినీళ్ల సీసాలు, తువాళ్లు ఒడిలో పెట్టుకొని వెలుపల కూర్చుండి ఉంటారు. ఇందులో వింత ఏమీ లేదు. కాని తల్లి మైదానంలో పరుగెత్తుతూ ఉండగా బిడ్డలు ప్రక్కన కూర్చుండి ఎదురుచూచే దృశ్యం మన కంటబడడం ఎంత అరుదు! సుమారు 80 ఏండ్ల క్రిందట ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో ఒక ఇల్లాలు తన బిడ్డలను సైకిలుమీద కూర్చుండబెట్టుకొని క్రీడాస్థలానికి పోయేది. తల్లి సాధన చేసినంతసేపు వారు లాంగ్‌జంపు కోసం పోసిన ఇసుకలో ఆడుకొనేవారు. ఆ ఇల్లాలి పేరు ఫానీ బ్లాంకర్స్ కూన్.

ఫ్రాన్సినా ఎల్షే కూన్ 1918 ఏప్రిల్ 26వ తేదీన హాలండులోని లాగె వ్యూర్షె అనే చిన్న గ్రామంలో జన్మించింది. తండ్రి ప్రభుత్వోద్యోగి. యౌవనంలో గుండు విసరడం, డిస్కస్ విసరడం వంటి పోటీలలో పాల్గొన్నవాడు. ఆమెకు ఐదుగురు సోదరులు. వారితో సమానంగా ఈత, టెన్నిసు, పరుగు అన్నీ అలవరచుకొన్నది. ఏ క్రీడను చేపట్టవలెనో తోచక ఉన్నప్పుడు ఆమె ఈత శిక్షకుడు మేలైన సలహా ఇచ్చినాడు. హాలండుకు ఈతలో ఉత్తమ క్రీడాకారిణులు అప్పటికే పలువురు ఉన్నారు, పరుగులోనైతే ఒలింపిక్ క్రీడలకు చేరడం సులభమని ఆయన అభిప్రాయం. 17వ ఏట, 1935లో, ఆమె పరుగు పందాలలో ప్రవేశించి ఆ ఏడే 800 మీటర్లలో తన దేశపు రికార్డును సాధించింది. చిక్కేమంటే, 1928 క్రీడల తరువాత స్త్రీలకు ఆ పందెమే తీసివేశారు. అంత దూరం పరుగెత్తడం స్త్రీ శరీరానికి తగదని నాటి పెద్దల తీర్పు. ఆ నిషేధం 1960 వరకు తొలగలేదు. ఫానీ చిన్న పందాల వైపు మరలవలసి వచ్చింది.

ఆమెను తీర్చిదిద్దిన గురువు జాన్ బ్లాంకర్స్. ఆయన 1928 ఒలింపిక్ క్రీడలలో ట్రిపుల్‌జంపులో పాల్గొన్న క్రీడాకారుడు, తరువాత క్రీడా విలేకరి. స్త్రీలు పందాలలో పాల్గొనరాదని ఒకప్పుడు వాదించిన ఈయనే ఫానీ ప్రతిభను మొదట గుర్తించినాడు! 1936లో బెర్లిన్ క్రీడలకు పోయేనాటికి ఆమెకు 18 ఏండ్లు. హైజంపులో ఆరవ స్థానం, రిలేలో జట్టుకు ఐదవ స్థానం మాత్రమే లభించినవి. అక్కడ నాలుగు బంగారు పతకాలు గెలిచిన నల్లజాతి వీరుడు జెస్సీ ఓవెన్స్ చేత సంతకం చేయించుకొని, ఆ కాగితాన్ని ఆమె చిరకాలం నిధివలె దాచుకొన్నది. తాను కూడా ఒకనాడు ఆయనతో సమానంగా నిలుస్తానని ఆ పిల్ల ఊహించి ఉండదు.

1938లో 100 గజాల పరుగులో ప్రపంచ రికార్డు ఆమె వశమైంది. వియన్నాలో జరిగిన యూరపు పోటీలలో రెండు కంచు పతకాలు వచ్చినవి. తరువాతి ఒలింపిక్ క్రీడలలో ఆమెకు తిరుగుండదని అందరూ అనుకొనే వేళకు యుద్ధం వచ్చిపడింది. 1940 మే నెలలో జర్మనీ సైన్యాలు హాలండును ఆక్రమించినవి. 1940, 1944 క్రీడలు రెండూ రద్దయినవి. క్రీడాకారిణి జీవితంలో 22వ ఏటినుండి 30వ ఏటివరకు గడిచే కాలం ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కరలేదు. ఫానీకి ఆ కాలమంతా ఒలింపిక్ మైదానం లేకుండానే గడిచిపోయింది.

1940 ఆగస్టు 29న ఆమె జాన్ బ్లాంకర్స్‌ను వివాహమాడింది. యుద్ధం సాగుతుండగానే కొడుకు కలిగినాడు. ఆమె పరుగు ఇక ముగిసినట్లేనని పత్రికలు నిశ్చయించినవి. ఆ కాలంలో పెండ్లి అయి, పైగా తల్లి కూడా అయిన స్త్రీ పందెంలో దిగడం కనీవినీ ఎరుగని విషయం. ఆమె మాత్రం ప్రసవమైన కొద్దికాలానికే మైదానంలో కనిపించింది. యుద్ధం మధ్యన, తిండికి కరవైన దేశంలో, 1942 నుండి 1944 వరకు వరుసగా ప్రపంచ రికార్డులను నెలకొల్పింది. 1943లో హైజంపులో 1.71 మీటర్లు, లాంగ్‌జంపులో 6.25 మీటర్లు దూకింది. ఆ లాంగ్‌జంపు రికార్డు 1954 వరకు చెక్కుచెదరలేదు. 1944-45 చలికాలంలో హాలండులో ఆకలి కరాళనృత్యం చేసింది. సుమారు 20,000 మంది మరణించినారని చరిత్రకారుల అంచనా. అటువంటి రోజులలో పరుగు ఎవరికి జ్ఞాపకం వస్తుంది?

కుమార్తె ఇంకా చంకబిడ్డగా ఉండగానే 1946 ఆగస్టులో ఓస్లో నగరంలో యూరపు పోటీలు జరిగినవి. 100 మీటర్ల సెమీఫైనలులో ఫానీ క్రిందపడింది. గాయాలతోనే హైజంపుకు పోయి నాలుగవది అయింది. తరువాత హర్డిల్స్‌లోను, రిలేలోను విజయం సాధించి తిరిగి వచ్చింది.

ఆమె సాధనను గురించి ఉపాధ్యాయులు, విద్యార్థులు ప్రత్యేకంగా గమనింపవలసినది ఒకటి ఉన్నది. ఆమె సాధన చేసినది వారానికి రెండు పర్యాయాలు, రెండేసి గంటలు మాత్రమే. వంట, బట్టలు ఉతకడం, బిడ్డల పోషణ అన్నీ తానే చూచుకొనేది. నాటి నిబంధనల ప్రకారం క్రీడవలన ఒక పైసా సంపాదించినా ఒలింపిక్ అర్హత పోయేది. కావున పనిమనిషిని పెట్టుకొనేందుకు ధనమూ లేదు, దినమంతా సాధనకు వ్యవధీ లేదు. ఉన్న నాలుగు గంటలనే పిండుకొని వాడుకొన్నది. ఇది ఆదర్శమని నేను చెప్పను. సహాయం లేని ఇంట ఆమెకు వేరు దారి లేకపోయిందనడమే న్యాయం.

1948లో లండను క్రీడలు. ఫానీకి 30 ఏండ్లు, ఇద్దరు బిడ్డలు. బ్రిటిషు జట్టు మేనేజరు జాక్ క్రంప్ ఆమె వయసు మీరిపోయిందని వ్రాసినాడు. జాన్ బ్లాంకర్స్ గడుసువాడు. ఆ మాటనే భార్యకు పదేపదే గుర్తుచేసి ఆమెలో పట్టుదల రేకెత్తించేవాడట. స్వదేశంలోని కొందరు మరొక విధంగా విరుచుకుపడినారు. బిడ్డలను విడిచి పొట్టిలాగుతో పదిమంది ఎదుట పరుగెత్తడమేమని నిందిస్తూ ఆమెకు ఉత్తరాలు వచ్చినవి. విచిత్రమేమంటే, బిడ్డల తండ్రి కూడా ఆమెతోపాటు లండను పోయినాడు. బిడ్డలను ఎవరికి విడిచినావని ఆయనను అడిగినవారు ఉన్నట్లు మాత్రం ఎక్కడా వినలేదు.

వెంబ్లీ మైదానం వానతో బురదయింది. ఆగస్టు 2న 100 మీటర్ల పందెం 11.9 సెకండ్లలో సునాయాసంగా గెలిచింది. 80 మీటర్ల హర్డిల్స్‌లో మాత్రం గండం తప్పింది. బ్రిటిషు యువతి మౌరీన్ గార్డనర్ మొదటినుండి ముందున్నది. ఫానీ ఆమెను అందుకొనే తొందరలో ఒక హర్డిలును తాకి, తూలుతూ గీత దాటింది. ఇద్దరికీ 11.2 సెకండ్లే. ఇంతలో బ్యాండువారు బ్రిటిషు జాతీయగీతం వాయించినారు. తాను ఓడినాననే ఫానీ అనుకొన్నది. రాజకుటుంబం విచ్చేసినందున ఆ గీతం వాయించినారు గాని పందెంతో దానికి సంబంధం లేదు. ఛాయాచిత్రాన్ని పరీక్షించి విజయం ఫానీదని ప్రకటించినారు.

అప్పటికి రెండు పతకాలు. 200 మీటర్ల సెమీఫైనలు ముందు ఆమె ధైర్యం కూలిపోయింది. ఒళ్లు అలసింది, అందరి కళ్లూ తనమీదనే ఉన్నవి, ఇంటివద్ద బిడ్డలు ఉన్నారు. గదిలో కూర్చుండి వెక్కివెక్కి ఏడ్చింది. పందెం మానుకొని ఇంటికి పోతానన్నది. జాన్ బలవంతం చేయలేదు. మానుకోదలిస్తే మానుకోవచ్చునని, కాని తరువాత జీవితమంతా చింతిస్తావని మాత్రం చెప్పినాడు. కడుపారా ఏడ్చిన తరువాత ఆమె లేచి మైదానానికి పోయింది. ఫైనలులో రెండవ స్థానం పొందిన ఆమెకంటె 0.7 సెకండ్లు ముందు గీత దాటింది. 200 మీటర్ల పందెంలో అంత ఎడం అపూర్వం. స్త్రీలకు ఆ పందెం ఒలింపిక్ క్రీడలలో పెట్టడం కూడా అదే మొదలు.

చివరిది రిలే. ఆగస్టు 7న వానకోటు కొనడానికి బజారుకు పోయిన ఫానీ మరికొంచెం ఆలస్యమైతే పందెమే తప్పిపోయేది. ఆఖరి పరుగు ఆమెది. చేతికి కర్ర అందేసరికి హాలండు వెనుకబడి ఉన్నది. అందరినీ దాటి, సెకండులో పదవవంతు తేడాతో ఆస్ట్రేలియాను ఓడించింది. నాటి క్రీడలలో స్త్రీల అథ్లెటిక్ పోటీలు మొత్తం తొమ్మిది. అందులో నాలుగు ఆమెవే. వ్యక్తిగతంగా మూడు పోటీలకు మించి పాల్గొనరాదన్న నియమం వలన హైజంపు, లాంగ్‌జంపు రెండూ విడిచిపెట్టింది. లండనులో హైజంపు 1.68 మీటర్లకు, లాంగ్‌జంపు 5.695 మీటర్లకు గెలుపొందినవి. రెండూ ఆమె రికార్డులకు తక్కువే! అథ్లెటిక్స్‌లో ఒకే ఒలింపిక్ క్రీడలలో నాలుగు బంగారు పతకాలు గెలిచిన స్త్రీ, 2024 పారిస్ క్రీడల వరకు, ఆమె తప్ప వేరొకరు లేరు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో నాలుగు తెల్లగుర్రాల బండిలో ఊరేగించినారు. ఇరుగుపొరుగువారు ఒక సైకిలు బహూకరించినారు. పత్రికలు ఆమెను ఎగిరే ఇల్లాలు అని పిలిచినవి. అభిమానంతో పెట్టిన పేరే కావచ్చును. ఓవెన్స్‌ను ఎగిరే గృహస్థు అని ఎవ్వరూ అనలేదు!

ఆ నెల 12న అదే వెంబ్లీలో స్వతంత్ర భారత హాకీ జట్టు బ్రిటనును 4-0తో ఓడించింది. ఆ సంగతి మన పిల్లలకు తెలుసు. కాని ఆ ఏడు మన జట్టులో ఒక్క స్త్రీ కూడా లేదు. హైదరాబాదు సంస్థానమైతే పోలీసు చర్యకు నెల దూరంలో ఉన్నది, ఇక్కడ పరుగు పందాల ఊసు ఎవరికి పట్టింది? మన తెలుగునాట తల్లులు ఈ బాట పట్టడానికి అర్ధశతాబ్దం దాటింది. 2001లో తల్లియైన కరణం మల్లీశ్వరి 2004లో ఏథెన్సు వేదిక ఎక్కింది. 2018లో కొడుకును కన్న హైదరాబాదు వనిత సానియా మీర్జా 2020 జనవరిలో హోబార్టులో డబుల్సు గెలిచింది. 2017లో తల్లియైన కోనేరు హంపి 2019లోను, 2024లోను ర్యాపిడ్ చదరంగంలో ప్రపంచ విజేత అయింది.

లండను తరువాత కూడా ఫానీ ఆగలేదు. అమెరికా, ఆస్ట్రేలియాలకు పోయి పరుగెత్తింది. 1950లో బ్రస్సెల్స్‌లో మరి మూడు యూరపు విజయాలు పొందింది. 1952 హెల్సింకిలో మాత్రం కురుపు బాధించింది. హర్డిల్స్ ఫైనలులో తడబడి మధ్యనే ఆగిపోయింది. 1955లో విరమించేనాటికి ఆమె జాతీయ విజయాలు 58. భర్త 1977లో గతించినాడు. 1999లో మొనాకోలో అంతర్జాతీయ అథ్లెటిక్ సమాఖ్య ఆమెను శతాబ్దపు ఉత్తమ క్రీడాకారిణిగా ప్రకటించినప్పుడు, 81 ఏండ్ల ఆ వృద్ధురాలు తన పేరే పలికినారా అని నివ్వెరపోయింది.

2003లో డచ్చి భాషలో ఆమె జీవితచరిత్ర వెలువడింది. అందులో బిడ్డలు తల్లిని ఆప్యాయత వెల్లడించ నేరని మనిషిగా జ్ఞాపకం చేసుకొన్నారు. దీనిని ఆమె గెలుపునకు చెల్లించిన మూల్యమనేవారు ఉన్నారు. నాకు అంత సులభంగా తేల్చబుద్ధి కాదు. ఏనాడూ మైదానం ఎక్కని తల్లులలోను, తండ్రులలోను ప్రేమను పైకి చెప్పలేనివారు ఎందరో ఉన్నారు. అయినను ఇసుకలో ఆడుకొన్న ఆ బిడ్డల మాటను త్రోసివేయడమూ తగదు. తల్లి మాత్రం సమాధానం చెప్పలేకపోయింది. ఆ పుస్తకం వచ్చేనాటికి మతిమరుపు వ్యాధి ఆమెను క్రుంగదీసింది. 2004 జనవరి 25న, తాను పెరిగిన హోఫ్‌డార్ప్ పట్టణంలోనే, 85వ ఏట ఆమె కన్నుమూసింది.