గోడమీద వాలిన శత్రువు
(రొనాల్డ్ రాస్ జీవితము)



అరకు లోయలోను, దాని చుట్టుపట్ల కొండలలోను వానకాలము వచ్చినదనిన చలిజ్వరమును తలంచని ఇల్లు అరుదు. పల్లపు ప్రాంతపు వారు దానికి మన్యపు జ్వరమని పేరు పెట్టి, కొండనీళ్లు పడలేదనియు, కొండగాలి చెడ్డదనియు చెప్పుకొనుచు వచ్చిరి. ఆ తలంపు తప్పని మన తెలుగు దేశములోనే కనుగొనిన ఒక వైద్యుని గూర్చి ఈ నెల మేము వ్రాయుచున్నాము.

రొనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో పుట్టెను. వైద్యము చదివి 1881లో భారతదేశపు ప్రభుత్వ వైద్యశాఖలో చేరెను. 1894లో లండనులో ప్యాట్రిక్ మాన్సన్ అను పెద్ద వైద్యుడు రోగి రక్తములోని మలేరియా క్రిమిని అతనికి చూపి, దానికిని దోమకును సంబంధముండునని తన ఊహను తెలిపెను. 1895లో రాస్ సికింద్రాబాదునకు వచ్చి వెదకుట ఆరంభించెను. దోమలు చచ్చిన నీటిని త్రాగుటవలన జ్వరము వచ్చునేమోనని మొదట పరీక్షించెను. ఆ దారిలో రుజువు దొరకలేదు. పిమ్మట దోమలను ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినిలో చూడసాగెను. కోసిన దోమలు ఎగిరిపోవునని ఉక్కలోను పంకా వేయించుకొనలేదు. చెమటకు యంత్రపు మరలు తుప్పుపట్టెను. అయినను విడువలేదు.

1897 ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అను రోగిని మచ్చల రెక్కల దోమలు పదింటిచేత కుట్టించి, కాటుకు ఒక అణా చొప్పున ఇచ్చెను. 20వ తేదీన అట్టి దోమ కడుపు గోడలో తాను వెదకుచున్న క్రిమిని చూచెను. 1898లో కలకత్తాలో పక్షులపై పరీక్షలు జరిపి, ఆ క్రిమి దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటుతోకూడ రక్తములో ప్రవేశించునని చూపెను. 1902లో నోబెల్ బహుమానము పొంది, 1932లో మరణించెను.

పోయిన నాణెము కొరకు దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి వెదకిన స్త్రీని గూర్చి మన ప్రభువు చెప్పిన ఉపమానము మాకు జ్ఞాపకము వచ్చుచున్నది. మనమును మన యింట వెదకుదము. మలేరియా క్రిమి తలుపుమీదను గిన్నెమీదను పొంచియుండదు, దోమలో నుండును. రాత్రి మనలను కుట్టి బరువెక్కిన దోమ ఇంటి గోడమీదను, పశువుల శాలలోను వాలును. అందుచేతనే గోడలకు మందు కొట్టుదురు. మందు కొట్టిన పిమ్మట పండుగకని గోడను మట్టితో అలికినయెడల ఆ మందు కప్పబడి పనిచేయదు. కాబట్టి అలుకుట ముందే ముగించుకొనుడి. దోమతెరను పెట్టెలో దాచక పిల్లలపై కట్టుడి.

ఆ జ్వరము తలకెక్కిన బిడ్డ రెండు మూడు దినములలోనే మన చేజారిపోవచ్చును. గనుక చలిజ్వరము వచ్చిన దినముననే రక్తపరీక్ష చేయించి, ఇచ్చిన మాత్రలన్నియు పూర్తిగా మింగించుడి. బిడ్డ కొరకు ప్రార్థించుడి. ప్రార్థించుచునే ఆస్పత్రికి నడువుడి.