స్క్రూ గేజ్, సినిమా, పాలీన్ కేల్

శుక్రవారం వచ్చిందంటే మా హాస్టల్ గ్రూపులో నాకు ఒక డ్యూటీ ఉండేది. కొత్త సినిమా ఎలా ఉందో ఒక్క ముక్కలో చెప్పాలి. ఫస్టియర్‌లో వరసగా రెండు మూడు సినిమాల విషయంలో నా మాట నిజమైంది. అంతే, బ్లాక్ మొత్తానికి నేనే విమర్శకుణ్ణి అయిపోయాను. నాకూ బాగానే ఉండేది, అబద్ధమెందుకు!

సెకండియర్‌లో ఒకసారి మా రూమ్మేట్ వాళ్ళమ్మగారు ఫీజు పని మీద ఊరి నుంచి వచ్చారు. ఆవిడ హాల్లో సినిమా చూసి ఏడేళ్ళయిందట. వాడు రెండు టికెట్లు బుక్ చేసి, తర్వాత నన్నడిగాడు. నేను ఆ సినిమా చూడలేదు. పొద్దుట్నుంచి మూడు చోట్ల రేటింగులు, ఫోన్లో నాలుగు తిట్లు చదివానంతే. వేస్టు, డబ్బులు దండగ అని చెప్పేశాను. వాడు టికెట్లు క్యాన్సిల్ చేశాడు. ఆవిడ సాయంత్రం బస్సుకే ఊరెళ్ళిపోయారు.

నాలుగు నెలల తర్వాత అదే సినిమా టీవీలో వచ్చింది. ఆవిడ చూసి, నవ్వి నవ్వి, కొడుక్కి ఫోన్ చేసి, ఇంత మంచి సినిమాకి ఆరోజు ఎందుకు తీసుకెళ్ళలేదని అడిగారట. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అసలు నువ్వు చూశావా అని మాత్రం అడిగాడు. చూడలేదన్నాను. ఆ తర్వాత సినిమాల గురించి నన్నడగడం మానేశాడు.

మరి ఎవరి మాట నమ్మాలి? ఎవరి మాట నమ్మి మూడు గంటలు, మూడొందలు ఖర్చు పెట్టాలి? ఈ ప్రశ్న పట్టుకుని తిరుగుతుంటేనే నాకు పాలీన్ కేల్ దొరికింది. అమెరికాలో ఇరవయ్యో శతాబ్దంలో సినిమా విమర్శ అనగానే మొదట చెప్పుకునే పేర్లలో ఆవిడదొకటి. ఆవిడ చాలాసార్లు తప్పు చెప్పింది. అయినా నేను నమ్మే విమర్శకుల్లో మొదటి పేరు ఆవిడదే. ఎందుకో చెప్పాలంటే ఆవిడ కథ చెప్పాలి.

పాలీన్ కేల్ 1919 జూన్ 19న కాలిఫోర్నియాలోని పెటలూమాలో పుట్టింది. తల్లిదండ్రులు పోలండ్ నుంచి వలస వచ్చిన యూదులు, కోళ్ళఫారం నడిపేవారు. ఐదుగురు పిల్లల్లో ఈమె ఆఖరుది. ఆ ఫారం చేజారిపోతే కుటుంబం శాన్ ఫ్రాన్సిస్కోకి వచ్చేసింది. పాలీన్ బర్కిలీ యూనివర్సిటీలో తత్వశాస్త్రం, సాహిత్యం చదివింది కానీ డిగ్రీ పూర్తి చెయ్యలేదు. మన భాషలో చెప్పాలంటే బ్యాక్‌లాగ్స్‌తోనే బయటికొచ్చేసింది.

ఆ తర్వాత పదిహేనేళ్ళు చాలా కష్టమైన కాలం. 1948లో కూతురు జీనా పుట్టింది. ఆ పాపకి పుట్టుకతోనే గుండె జబ్బు. పెళ్ళి కాకుండా, ఒంటరిగా పాపను పెంచడం ఆ రోజుల్లో అక్కడ కూడా చిన్న విషయం కాదు. వంటపని చేసింది, బట్టలు కుట్టింది, అడ్వర్టైజ్‌మెంట్లకి మాటలు రాసింది.

విమర్శకురాలు అయిన తీరు మాత్రం మన క్యాంటీన్ కథలాగే ఉంటుంది. 1952లో ఒక కాఫీ షాపులో కూర్చుని స్నేహితుడితో ఏదో సినిమా గురించి గట్టిగా వాదిస్తోంది. పక్కనే ఉన్న సిటీ లైట్స్ అనే చిన్న పత్రిక ఎడిటర్ చెవిన ఆ గొడవ పడింది. చాప్లిన్ కొత్త సినిమా లైమ్‌లైట్ మీద రాయమని అడిగాడు. చాప్లిన్ అంటే అప్పటికే దేవుడు. ఈవిడ మొదటి సమీక్షలోనే ఆ సినిమా పేరును వెటకారంగా విరిచి మరీ ఉతికేసింది. అప్పుడు ఆమెకి ముప్ఫై దాటాయి.

ఆ తర్వాత బర్కిలీలోని కేపీఎఫ్‌ఏ రేడియోలో సినిమాల గురించి మాట్లాడింది. ఏళ్ళ తరబడి మాట్లాడినా పైసా ఇవ్వలేదు. అదే ఊళ్ళో భర్త ఎడ్వర్డ్ లాండ్‌బర్గ్‌కి ఒక చిన్న థియేటర్ ఉండేది. 1955 నుంచి అక్కడ ఏ సినిమా వెయ్యాలో చూసుకుంటూ, వచ్చేవాళ్ళకి ఒక్కో సినిమా గురించి నాలుగేసి వాక్యాల నోట్ రాసి ఇచ్చేది. టికెట్ అమ్మేది తనే, సినిమా గురించి చెప్పేదీ తనే. ఈ నోట్లు నాకు చాలా ముఖ్యమనిపించాయి. చదివినవాడు అదే సాయంత్రం సినిమా చూసి, బయటికొస్తూ ఎదురుపడతాడు. ఫోన్ చాటున దాక్కునే వీలు లేదు. పెద్ద పత్రికల్లోకి వెళ్ళాక కూడా ఆవిడ రాతలో పక్క సీట్లోంచి మాట్లాడుతున్న మనిషి వినిపించడానికి, నా ఉద్దేశంలో, ఇదే కారణం.

1965లో ఆ వ్యాసాలన్నీ పుస్తకంగా వచ్చాయి. పేపర్‌బ్యాక్ లక్షన్నర కాపీలు అమ్ముడుపోయింది. ఆ ఊపులో లక్షలాదిమంది గృహిణులు చదివే మెక్‌కాల్స్ అనే పత్రిక పిలిచి ఉద్యోగమిచ్చింది. కొన్ని నెలల్లోనే తీసేసింది. అమెరికా అంతా నెత్తిన పెట్టుకున్న సౌండ్ ఆఫ్ మ్యూజిక్‌ని తిట్టినందుకే తీసేశారని కథ. ఆ ఒక్కటే కాదు, వరసగా పెద్ద సినిమాలన్నిటినీ తిట్టిందని ఎడిటర్ వాదన. ఏదైతేనేం, ఉద్యోగం పోయింది. నలభై దాటిన వయసు, చేతిలో కూతురు. అయినా అందరికీ నచ్చిన సినిమా తనకీ నచ్చిందని రాయలేదు. సినిమా నచ్చడం, నచ్చకపోవడం అటుంచండి. ఎంత నష్టం వచ్చినా తనకు అనిపించిందే రాసే మనిషి అని నాకు ఇక్కడ అర్థమైంది.

1967 ఆగస్టులో బానీ అండ్ క్లైడ్ విడుదలైంది. బ్యాంకులు దోచుకునే జంట కథ. న్యూయార్క్ టైమ్స్‌లో ఇరవై ఏడేళ్ళుగా రాస్తున్న బాస్లీ క్రౌథర్ ఆ సినిమాని చీల్చి చెండాడాడు. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. న్యూస్‌వీక్‌లో జో మోర్గన్‌స్టర్న్ కూడా తిట్టాడు. కానీ ఆయన మళ్ళీ హాలుకి వెళ్ళి, జనం మధ్య కూర్చుని ఇంకోసారి చూశాడు. మరుసటి వారం అదే పత్రికలో తన సమీక్ష తప్పని రాసి, కొత్త సమీక్ష ఇచ్చాడు. ఈ పని చేసిన విమర్శకుల్ని వేళ్ళమీద లెక్కపెట్టచ్చు.

కేల్ ఆ సినిమాని మెచ్చుకుంటూ పెద్ద వ్యాసం రాసింది. అప్పుడు పనిచేస్తున్న న్యూ రిపబ్లిక్ వాళ్ళు వేసుకోలేదు. అక్టోబరులో అది న్యూయార్కర్‌లో వచ్చింది. సినిమాకి మళ్ళీ ఊపిరొచ్చింది. కొన్నాళ్ళకే క్రౌథర్ ఆ కుర్చీలోంచి దిగిపోయాడు. 1968 నుంచి కేల్ న్యూయార్కర్‌లో ఉద్యోగి. ఏడాదిలో ఆరు నెలలు ఆవిడ, ఆరు నెలలు పెనెలపీ గిలియట్. ఆవిడ వంతు కాని నెలల్లో జీతం లేదు.

ఇక అక్కణ్ణుంచి ఇరవై ఏళ్ళకి పైగా ఆవిడ మాటకి హాలీవుడ్ చెవులు రిక్కించేది. ఆల్ట్‌మన్‌ని, స్కోర్సేసీ తొలి సినిమాల్ని, కుర్రవాడైన స్పీల్‌బర్గ్‌ని ముందే గుర్తుపట్టింది. సత్యజిత్ రాయ్ బెంగాలీ సినిమాల గురించి అమెరికన్ పాఠకులకి ఎంతో ప్రేమగా రాసింది. మరోపక్క కుబ్రిక్ 2001ని, స్కోర్సేసీ రేజింగ్ బుల్‌ని, బ్లేడ్ రన్నర్‌ని కొట్టిపారేసింది. మన రోబోటిక్స్ క్లబ్బు వాళ్ళు ఇది చదివితే నా మీదకొస్తారేమో! నాకూ 2001 ఇష్టమే.

తప్పులు ఇక్కడితో ఆగలేదు. 1971లో సిటిజన్ కేన్ మీద రైజింగ్ కేన్ అనే వ్యాసం రాసింది. ఆ స్క్రిప్టు దాదాపు మొత్తం హెర్మన్ మాంకివిజ్‌దేనని, ఆర్సన్ వెల్స్‌ది అందులో ఏమీ లేదన్నంతగా వాదించింది. వెల్స్‌ని ఒక్క మాట అడగలేదు. హోవర్డ్ సూబర్ అనే అధ్యాపకుడి పరిశోధన వాడుకుని ఆయన పేరు ఎక్కడా చెప్పలేదు. తర్వాత పరిశోధకులు స్క్రిప్టు ప్రతులన్నీ వరసగా పరిశీలించి వెల్స్ చెయ్యి ఎంతుందో చూపించారు. నేను చూడని సినిమా గురించి గ్రూపులో పెట్టిన ముక్క ఈ పేజీ దగ్గర బాగా గుర్తొచ్చింది.

ఆవిడ కలం గుచ్చుకునేది కూడా. ర్యాన్స్ డాటర్ విడుదలయ్యాక డేవిడ్ లీన్ న్యూయార్క్‌లో ఒక హోటల్లో విమర్శకుల్ని కలిశాడు. కేల్‌తో సహా అందరూ ఆయన్ని గంటల తరబడి కడిగేశారు. లారెన్స్ ఆఫ్ అరేబియా తీసిన మనిషి ఆ తర్వాత పద్నాలుగేళ్ళు ఇంకో సినిమా తియ్యలేదు. 1984లో మళ్ళీ తీసింది మన దేశంలో షూట్ చేసిన ఎ ప్యాసేజ్ టు ఇండియా. ఆ గ్యాప్‌కి వేరే కారణాలూ ఉన్నాయి కానీ ఆ సాయంత్రం తగిలిన దెబ్బ గురించి లీన్ తర్వాత కూడా చెప్పుకున్నాడు.

ఇంకోటి. 1975లో ఆల్ట్‌మన్ నాష్‌విల్‌ని ఎడిటింగ్ పూర్తికాకముందే చూసి, విడుదలకి నెలల ముందే పొగిడేసింది. మిగతా విమర్శకులు మండిపడ్డారు. దర్శకుడితో స్నేహం ఉంటే సమీక్ష సమీక్షేనా అన్న ప్రశ్న వచ్చింది. 1979లో వారెన్ బేటీ పిలుపు మీద న్యూయార్కర్ వదిలి పారమౌంట్ స్టూడియోకి పనిచెయ్యడానికి వెళ్ళింది. బేటీ ఎవరో కాదు, బానీ అండ్ క్లైడ్ హీరో, నిర్మాత. అక్కడ ఇమడలేక నెలల్లోనే తిరిగొచ్చేసింది. 1980లో అదే న్యూయార్కర్‌లో రాసే రెనాటా ఆడ్లర్ ఇంకో పత్రికలో కేల్ రాతని పేజీలకి పేజీలు ఉతికేసింది. అంతకాలం అందర్నీ తూచిన మనిషిని ఈసారి తక్కెట్లో కూర్చోబెట్టారు. ఆవిడ తిరిగి జవాబు రాయలేదు. తన పని తను చేసుకుపోయింది.

పార్కిన్సన్స్ జబ్బుతో 1991లో రాయడం ఆపేసింది. 2001 సెప్టెంబర్ 3న మసాచుసెట్స్‌లోని గ్రేట్ బారింగ్టన్‌లో, ఎనభై రెండేళ్ళ వయసులో, ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

ఇన్ని తప్పులు చేసిన మనిషిని ఎందుకు నమ్మాలి? ఇక్కడే నాకు ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్ గుర్తొచ్చింది. స్క్రూ గేజ్ ఇచ్చి తీగ మందం కొలవమనేవారు. ముందు ఏమీ పెట్టకుండా రెండు కొనలూ కలిపి చూడాలి. సున్నా సున్నా దగ్గర లేకపోతే జీరో ఎర్రర్ ఉన్నట్టు. అలాగని గేజ్ పారెయ్యం. ఎన్ని విభాగాలు తేడా ఉందో రాసుకుని, ప్రతి రీడింగ్‌లో సవరిస్తాం. పారెయ్యాల్సింది, ఒక్కోసారి ఒక్కోలా చూపించే గేజ్‌ని.

కేల్ జీరో ఎర్రర్ నాకు తెలుసు. చల్లగా, దూరంగా, లెక్కగట్టినట్టుండే సినిమా అంటే ఆవిడకి పడదు. వేడి, వేగం, కాస్త అల్లరి ఉంటే చాలు, లోపాలు క్షమించేస్తుంది. స్నేహితుల సినిమా అయితే ఇంకో రెండు విభాగాలు తగ్గించుకోవాలి. ఇది తెలిశాక ఆవిడ 2001ని తిట్టినా నాకు ఉపయోగమే. ఎందుకు తిట్టిందో చదివితే అది నాకు నచ్చే సినిమా అని అర్థమైపోతుంది. ఎందుకో చెప్పకుండా వచ్చే రెండుంపావు రేటింగ్‌తో ఆ పని జరగదు. దానికి ఎర్రర్ ఎంతో, ఏ వైపో తెలీదు కాబట్టి సవరించనూ లేం.

అందుకే ఇప్పుడు నేను చేస్తున్న పని ఇది. నోట్‌బుక్ వెనక పేజీలో నేను ఇప్పటికే చూసిన పది సినిమాల పేర్లు రాసుకున్నాను. నచ్చినవి ఐదు, నచ్చనివి ఐదు. ఎవరైనా కొత్త విమర్శకుడు తగిలితే ముందు ఆ పదింటి మీద ఏం రాశాడో చదువుతాను. నాతో ఏకీభవించాడా అని కాదు, తేడా ఎప్పుడూ ఒకే వైపుందా అని చూస్తాను. సినిమా మొత్తం చూసి రాశాడా, కారణం చెప్పాడా, ఎవరి డబ్బు, ఎవరి స్నేహం ఉందో దాచాడా అని చూస్తాను. మోర్గన్‌స్టర్న్‌లా ఎప్పుడైనా తప్పైందని ఒప్పుకున్నాడా అని కూడా చూస్తాను. కేల్‌కి ఈ చివరిది లేదు. చూసిన సినిమా మళ్ళీ చూడననేది. ఆవిడ దగ్గర నేను నేర్చుకోకూడదనుకున్నది అదొక్కటే.

ఈ పరీక్ష నా మీద నేను పెట్టుకుంటే ఫెయిలయ్యాను. మొదటి ప్రశ్నలోనే.

మొన్న గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. ఇక నుంచి చూసిన సినిమా గురించే రాస్తానని, చూడకపోతే చూడలేదనే రాస్తానని. రూమ్మేట్ దానికేమీ అనలేదు. రాత్రి లైట్లు ఆర్పాక, వచ్చే నెల అమ్మ వస్తోందని, అప్పటికి ఏ సినిమాలు ఆడుతుంటాయని అడిగాడు.

ఇంకా చెప్పలేదు. ముందు నేను చూడాలి.