నారాయణ్ సింగ్: గోదాము తాళం పగలగొట్టిన సోనాఖాన్ జమీందారు

రాయ్‌పూర్ నడిబొడ్డున జైస్తంభ్ చౌక్ ఉంది. 1857 డిసెంబరు 10న సోనాఖాన్ జమీందారు నారాయణ్ సింగ్‌ను బ్రిటిష్ వాళ్లు ఉరితీసింది ఇక్కడేనని నగరం చెప్పుకుంటుంది. ఛత్తీస్‌గఢ్ ఆయన్ను తొలి అమరవీరుడిగా గౌరవిస్తుంది. నవా రాయ్‌పూర్ క్రికెట్ స్టేడియానికీ ఆయన పేరే. అయితే ఆయన్ను మొదట జైలుకు పంపిన కేసు తిరుగుబాటుది కాదు, ధాన్యం దోపిడీది.

రాయ్‌పూర్‌కు తూర్పున, మహానది దాటాక, ఇప్పటి బలౌదాబాజార్ జిల్లా అడవుల్లో ఉంది సోనాఖాన్. పేరుకు అర్థం బంగారు గని. అక్కడి జమీందారులు బింఝ్వార్ ఆదివాసీలు. తండ్రి రామ్‌రాయ్ కూడా బ్రిటిష్ వాళ్లను ఎదిరించినవాడే. ఆయన తర్వాత 1830లో నారాయణ్ సింగ్ జమీందారయ్యాడు. మనుషుల్ని తినే పులిని కత్తితో చంపాడని, అందుకే పేరుకు ముందు వీర్ చేరిందని జనం చెప్పే కథ.

1856లో కరవు వచ్చింది. పల్లెల్లో గింజ లేదు. కస్డోల్ వ్యాపారి మాఖన్ గోదాములో మాత్రం నిల్వలున్నాయి. అప్పు అడిగినా ఇవ్వలేదు. నారాయణ్ సింగ్ మనుషులతో వెళ్లి తాళం పగలగొట్టించి, ధాన్యాన్ని ఆకలితో ఉన్నవాళ్లకు పంచాడు. ఆ తర్వాత తాను చేసిన పనిని రాయ్‌పూర్ డిప్యూటీ కమిషనర్‌కు తానే తెలియజేశాడు. మన్యంలో పోలీస్ స్టేషన్ల మీద దాడులకు ముందే కబురు పంపిన అల్లూరి సీతారామరాజు గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. కానీ అల్లూరి ప్రభుత్వాన్ని సవాలు చేశాడు. నారాయణ్ సింగ్ అప్పటికి ఒక జమీందారుగా తన బాధ్యత నెరవేర్చాననే అనుకున్నాడు. ప్రభుత్వం వ్యాపారి పక్షాన నిలిచింది. అక్టోబరులో ఆయన్ను సంబల్‌పూర్‌లో పట్టుకుని రాయ్‌పూర్ జైల్లో పెట్టారు.

మరుసటి ఏడాది ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు రగిలింది. ఆగస్టులో నారాయణ్ సింగ్ జైలు నుంచి తప్పించుకున్నాడు. సోనాఖాన్‌లో సుమారు 500 మందిని కూడగట్టాడు. స్మిత్ నాయకత్వంలో సైన్యం బయల్దేరింది. పొరుగు జమీందార్లలో కొందరు, ముఖ్యంగా దేవరీ జమీందారు, సైన్యానికి సాయపడ్డారు. స్మిత్ సోనాఖాన్‌ను తగలబెట్టించాడు. చివరికి నారాయణ్ సింగ్ లొంగిపోయాడు. రోజుల వ్యవధిలోనే విచారణ, ఉరి ముగిశాయి.

ఆ శిక్ష రాయ్‌పూర్‌ను భయపెట్టలేకపోయింది. 1858 జనవరి 18న హనుమాన్ సింగ్ అనే సైనికుడు సార్జెంట్ మేజర్ సిడ్‌వెల్‌ను చంపాడు. ఆయన దొరకలేదు. 17 మంది సహచరులను మాత్రం ఉరితీశారు.

కాలంతో పాటు కథా పెరిగింది. రికార్డుల్లో ఉన్నది ఉరి. 1987లో తపాలా శాఖ విడుదల చేసిన స్టాంపు మీద మాత్రం ఆయన ఫిరంగి ముందు కట్టేసి కనిపిస్తాడు. ఇక సోనాఖాన్ పేరులోని బంగారం వట్టి కథ కాదు. ఆ ప్రాంతంలోని బాఘ్‌మారా బంగారు గనిని 2016లో వేలం వేశారు. నారాయణ్ సింగ్‌ను జైలుకు పంపింది మాత్రం నేల కింది బంగారం కాదు, గోదాములో తాళం వేసిన గింజలు.