మన్రో దొర - మెట్టరైతు మనస్సు

రాయలసీమలో వెనుకటి తరములవారు కొందరు బిడ్డలకు మండ్రోలయ్య అని పేరు పెట్టుకొన్నారు. పరాయి పాలకుని పేరు కరువునేలపై ఇట్లు నిలుచుటకు కారణము విచారింపదగినది.

సర్ థామస్ మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో జన్మించి, 1780లో సైనికోద్యోగిగా మద్రాసు చేరినాడు. బారామహల్‌లో రెవెన్యూ పని నేర్చినాడు. 1800లో నిజాము దత్తమండలములను కుంపిణీకి అప్పగించగా, వాటికి ప్రధాన కలెక్టరుగా అనంతపురము వచ్చి 1807 వరకు ఉన్నాడు. ఆ ఏడేండ్లనే మేమిక్కడ పరిశీలింపదలచినాము.

నేడు ఒక యంత్రమునో, దరఖాస్తు ఫారమునో రూపొందించువారు ముందుగా దానిని వాడువారి మనస్సు నెరుగవలెనని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. మన్రో రూపొందించినది పన్ను పద్ధతి. దాని బరువు మోయవలసినవాడు రైతు. ఆయన కచేరీలో కూర్చుండి లెక్కలు తెప్పించుకొనలేదు. గుడారములలో నివసించుచు ఊరూర తిరిగినాడు. దేశభాషలు నేర్చినవాడగుటచే దుబాసీలపై ఆధారపడలేదు. పొలములు కొలిపించి, రెడ్డి, కరణము, రైతుల సమక్షముననే తరములు నిర్ణయింపజేసినాడు.

మా బత్తలపల్లె వంటి మెట్టసీమలో రైతు ఆనాడు ఏటేట తొలకరికి ముందు ఒక నిర్ణయము చేయవలసియుండెను: ఎన్ని చేలు ఉంచుకొనుట, ఎన్ని వదలుట. వాన కురియకున్నను పన్ను తప్పెడిది కాదు. లాభముపై ఆశకన్న నష్టభయమే మనిషిని ఎక్కువగా నడిపించునని కానమన్, ట్వెర్‌స్కీ అను శాస్త్రజ్ఞులు 1979లో సిద్ధాంతీకరించినారు. మన్రోకు ఆ సిద్ధాంతము తెలియదు. బీళ్లు పడిన చేలు తెలుసు. పన్ను మితిమీరినచోట రైతుకిచ్చిన స్వేచ్ఛ కాగితముపైననే మిగులును. అందుచే 1807లో పన్ను నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు, ఏటేట భూమి వదలుటకో క్రొత్తది చేపట్టుటకో రైతుకు వీలుండవలెననియు సిఫారసు చేసినాడు.

పైవారు అంగీకరింపలేదు. ఆయన స్వదేశమేగిన పిమ్మట గ్రామములను మూడేండ్లకు, ఆపై పదేండ్లకు గుత్తకిచ్చినారు. గుత్తదారులెందరో చితికిపోయినారు. 1820లో తాను మద్రాసు గవర్నరైన తరువాతనే ఆ తగ్గింపు అమలైనది. పదమూడేండ్ల ఆలస్యము! మెట్టరైతుకు అది ఒక తరము బ్రదుకు.

ఆయనను దేవునివలె కొలుచుట మాకు సమ్మతము కాదు. ఆయన సేవించినది కుంపిణీ ఖజానానే. పాళెగార్లను కఠినముగా అణచినాడు. తొలుత తాను వసూలు చేసిన పన్నే అధికము. అయినను తన ఏర్పాటులోని లోపమును రైతు ముఖమున చదివి, దిద్దుటకు పట్టుబట్టిన అధికారులు ఆనాడు అరుదు.

1827లో పదవి విడుచుటకు ముందు ఈ సీమను మరల చూడవచ్చి, జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించినాడు. గుత్తిలో ఖననము చేసి, తరువాత అస్థికలను మద్రాసు కోటలోని చర్చికి తరలించినారు. పత్తికొండలో ఆయన స్మృత్యర్థము ప్రభుత్వము ఒక తోపు నాటించి, బావి త్రవ్వించినది.