వినికిడి పోయినా మాటను వదలని గిడుగు

ఏటా ఆగస్టు 29న మన పాఠశాలల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు వెంకట రామమూర్తి గారి జయంతి. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి విద్యార్థులు పాఠాల్లో చదువుకుంటారు. ఆయన చెవుడుతో జీవితాంతం బాధపడ్డారన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

గిడుగు 1863లో శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి వీర్రాజు గారు చనిపోయారు. విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. ఇంటి బాధ్యత మీద పడడంతో 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. పైచదువులు ప్రైవేటుగానే పూర్తి చేశారు.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వారి భాష తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని గిడుగు సంకల్పించారు. అందుకు ముందు ఆ భాష తాను నేర్చుకోవాలి. తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, కొండ గూడేలకు వెళ్లి విన్నారు. పుస్తకాలు లేని భాషకు చెవే ఆధారం. గొంతులో గాలిని చటుక్కున ఆపి పలికే ధ్వని సవర భాషలో ఉంది. జాగ్రత్తగా వినకపోతే అది అందదు.

ఆ తిరుగుడులోనే ఆయనకు మలేరియా వచ్చింది. ఆ రోజుల్లో దానికి మందు క్వినైన్. అది జ్వరాన్ని తగ్గిస్తుంది కానీ, ఎక్కువగా వాడితే చెవిలో హోరు పుట్టించి వినికిడిని దెబ్బతీయగలదు. గిడుగుకు అదే జరిగింది. మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇది చిన్న నష్టం కాదు.

అయినా ఆయన పని మానలేదు. సవర భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం బహుమానం ఇవ్వబోతే తీసుకోక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. 1919లో వాడుక భాష ప్రచారానికి తెలుగు అనే పత్రిక నడిపారు. 1931లో ఆయన రాసిన సవర వ్యాకరణం ఇంగ్లీషులో వెలువడింది. తరువాత సవర నిఘంటువూ వచ్చింది. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

పెద్ద వయసులో వినికిడి పోయినవారికి చేతనైన సాయం ఆ కాలంలో తక్కువ. ఇప్పుడు అలా కాదు. వాక్ శ్రవణ నిపుణులు చెవిని పరీక్షించి తగిన పరికరం అమరుస్తారు. పెదవుల కదలికను, ముఖాన్ని గమనించి మాట పట్టుకోవడం నేర్పుతారు. తన గొంతు తనకే సరిగా వినపడనివారికి స్వరాన్ని అదుపులో పెట్టుకునే అభ్యాసం చేయిస్తారు. పక్షవాతంతో మాట పడిపోయినవారికి కూడా మళ్లీ మాటలు రాబట్టే సాధన ఉంటుంది. ఇలాంటి చికిత్సకూ శిక్షణకూ మన రాష్ట్రంలోనే, మైసూరులో, 1965లో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడింది.

ఇక్కడే గిడుగు పాఠం మనకు పనికొస్తుంది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. మన జిల్లాలో కార్యాలయంలో కన్నడం, ఇంట్లో తెలుగు మాట్లాడేవారు ఎందరో ఉన్నారు. అలాంటి ఇంట్లో తాతగారికి మాట పడిపోతే, కన్నడంలో మాత్రమే పరీక్షిస్తే సరిపోదు. రెండు భాషలు వచ్చినవారికి ఒక భాష ఎక్కువగా, మరొకటి తక్కువగా దెబ్బతినవచ్చు. తెలుగులో మిగిలి ఉన్న మాటలను కూడా పోయినట్టే లెక్క కడితే ఆయనకు అన్యాయం జరుగుతుంది. బిడ్డకు ఇంటి భాషలో చదువు ఎంత అవసరమో, మాట తడబడిన పెద్దవారికి ఇంటి భాషలో చికిత్స అంతే అవసరం. రోగి ఇంట్లో ఏయే భాషలు మాట్లాడతారో ఇంటివాళ్లే వైద్యులకు ముందుగా చెప్పాలి.

విద్యార్థులు కూడా కొంత చేయవచ్చు. వినపడని అవ్వతో మాట్లాడేటప్పుడు వెనక నుంచి కేకలు వేయవద్దు. వెలుతురులో ఎదురుగా కూర్చుని, చిన్న వాక్యాలతో నిదానంగా మాట్లాడండి. మాట కోసం తడుముకునే తాతగారికి తొందరపడి మాట అందించకుండా కాస్త ఆగండి. చెవిటివారని ఎగతాళి చేసేవారికి గిడుగు గారి సంగతి చెప్పండి.